కొత్త హాకీ జట్టు, మూడో పీరియడ్‌లో మెత్తబడే ఐస్: ఒక కేస్ స్టడీ

జట్టు పేరు, ఊరు, సీజన్ ఇక్కడ రాయడం లేదు. చదివినవాళ్లు గుర్తుపట్టేసే వివరాలు కొన్ని మార్చాను, కొన్ని పూర్తిగా వదిలేశాను. వేడి, తేమ లెక్కలు మాత్రం ఏ రింక్‌లోనైనా ఒకటే కాబట్టి వాటిని ఉన్నదున్నట్టు రాశాను.

నేను రిఫ్రిజిరేషన్ ఇంజినీర్‌ని. గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో అమ్మోనియా ప్లాంట్ల దగ్గర పని నేర్చుకున్నాను. ఇప్పుడు అమెరికాలో పెద్ద పెద్ద బిల్డింగుల్లో కూలింగ్, వెంటిలేషన్ అనుకున్నట్టు పనిచేస్తున్నాయో లేదో చూసి సరిచేసే పనిలో ఉన్నాను, ఐస్ రింక్‌లు అందులో ఒక భాగం. ఈ కేసు రాయడానికి కారణం ఏమిటంటే, ఐస్ గురించి వచ్చిన ఫిర్యాదుకు కారణం ఐస్‌లో లేదు. పైగా జట్టు కొత్తది కావడం వల్ల ఆ కారణం ఇంకాస్త లోతుగా దాక్కుంది. రింక్ పని చేసేవాళ్లకే కాదు, కోల్డ్ స్టోరేజీలూ ఫార్మా ప్లాంట్లూ చూసుకునే మన ఇంజినీర్లకు కూడా పనికొస్తుందనుకుంటున్నాను.

నేపథ్యం

పెద్ద లీగులోకి కొత్త ఐస్ హాకీ జట్టు వస్తోందంటే అందరూ మాట్లాడేది డబ్బు గురించీ ఆటగాళ్ల గురించీ. ఉత్తర అమెరికా పెద్ద ఐస్ హాకీ లీగు ఎన్‌హెచ్‌ఎల్‌లో 2017లో ఆడడం మొదలుపెట్టిన వేగాస్ గోల్డెన్ నైట్స్ ప్రవేశ రుసుము 50 కోట్ల డాలర్లు, 2021లో వచ్చిన సియాటిల్ క్రాకెన్‌ది 65 కోట్ల డాలర్లు. ఆటగాళ్లు ఎక్స్‌పాన్షన్ డ్రాఫ్ట్‌లో వస్తారు. ఆ రెండుసార్లూ నియమం ఇది: పాత జట్టు ఒక్కోటి ఏడుగురు ఫార్వర్డ్‌లను, ముగ్గురు డిఫెన్స్ ఆటగాళ్లను, ఒక గోలీని (గోల్‌కీపర్‌ని) తనకోసం ఉంచుకోవచ్చు. లేదంటే ఫార్వర్డ్, డిఫెన్స్ కలిపి ఎనిమిది మందిని, ఒక గోలీని ఉంచుకోవచ్చు. మిగిలినవాళ్లలోంచి కొత్త జట్టు జట్టుకొకరిని చొప్పున తీసుకుంటుంది. వేగాస్ అలా 30 జట్ల నుంచి 30 మందిని తీసుకుంది. ఈ డ్రాఫ్ట్ సంగతి ఐస్ గురించిన కథలో ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

బిల్డింగ్ గురించి మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడరు. మా కేసులోని అరేనా హాకీ కోసం కట్టింది కాదు, బాస్కెట్‌బాల్‌కీ కచేరీలకీ వాడే పాత బిల్డింగ్. జట్టు వస్తోందని తేలాక నేల తవ్వి, కాంక్రీటులో బ్రైన్ పైపులు వేసి, కొత్త చిల్లర్లు, గాలిలో తేమ లాగే డెసికెంట్ యూనిట్లు పెట్టారు. బ్రైన్ అంటే గడ్డకట్టని ఉప్పునీరు, అది పైపుల్లో తిరుగుతూ పైన పోసిన నీళ్లను గడ్డకట్టిస్తుంది. రింక్ పొడవు 200 అడుగులు, వెడల్పు 85 అడుగులు, ఐస్ మందం అంగుళం, అంగుళంపావు. ఇంత పెద్ద స్థలం మీద ఇంత పలచటి పొర, దాని మీద పూర్తి వేగంతో మనుషులు పరిగెత్తుతుంటారు. చాలా సున్నితమైన వస్తువు అది.

వేసవి చివర్లో ఐస్ వేసి, ఖాళీ బిల్డింగ్‌లో పరీక్షించి అంతా బాగుందని సంతకాలు చేశారు. ప్రీసీజన్ మ్యాచ్‌లు మొదలయ్యాక ఫిర్యాదులు మొదలయ్యాయి, అప్పుడు అరేనా నడిపే సంస్థ నన్ను పిలిచింది.

సమస్య ఏమిటంటే

"ఐస్ బాగాలేదు." నా చేతికి వచ్చిన సమాచారం దాదాపు ఇంతే. ఒక ఫార్వర్డ్ ఐస్ మెత్తగా ఉందన్నాడు, ఒక డిఫెన్స్ ఆటగాడు పెళుసుగా ఉండి ముక్కలు లేస్తున్నాయన్నాడు, ఇంకొకడు తనకేమీ తేడా తెలియలేదన్నాడు. ముగ్గురూ నిజమే చెబుతున్నారు. ఒకడు అంతకుముందు సీజన్ దాకా కెనడాలో చలి ఊరి రింక్‌లో ఆడాడు, ఇంకొకడు ఫ్లోరిడా నుంచి వచ్చాడు, మూడోవాడు యూరప్ నుంచి. పాత జట్టులో అయితే ఇరవై మందికీ "మన ఐస్" అంటే ఏమిటో ఒకే అభిప్రాయం ఉంటుంది, "పోయినేడు కంటే మెత్తగా ఉంది" అంటే దానికో అర్థం ఉంటుంది. డ్రాఫ్ట్‌లో తలో ఊరి నుంచి వచ్చి కలిసిన జట్టుకు పోల్చుకోవడానికి పోయినేడు అంటూ లేదు. ఐస్ చూసుకునే సిబ్బందీ కొత్తవాళ్లే, బిల్డింగ్ రికార్డుల్లో హాకీ అనే మాటే లేదు.

అందుకే "ఐస్ ఎలా ఉంది" అనే ప్రశ్న ఆపేయమన్నాను. ఎక్విప్‌మెంట్ మేనేజర్ ఆటగాళ్లకు బాగా దగ్గరి మనిషి, ఆయనే అడిగితే చెబుతారు. మ్యాచ్ అయ్యాక రింక్ బొమ్మ ఉన్న కాగితం ఒకటి ఇచ్చి, పక్ (హాకీలో బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల) ఎక్కడ ఎగిరింది, ఆటలోని మూడు పీరియడ్లలో ఏ పీరియడ్‌లో అని మాత్రమే గుర్తు పెట్టించమన్నాను. బాగుందా లేదా అన్నది ఒక్కొక్కరి అలవాటును బట్టి మారుతుంది, కానీ చోటు, సమయం ఎవరు చెప్పినా ఒకటే. నాకు కావలసింది పోల్చడానికి వీలైన సమాచారం.

కొన్ని మ్యాచ్‌ల కాగితాలు చేతికి రాగానే విషయం స్పష్టమైంది. మొదటి పీరియడ్ శుభ్రం. రెండోది ఫరవాలేదు. మూడో పీరియడ్‌లో పక్ చదునుగా జారకుండా ఎగురుతోంది, స్కేట్ గీతలు లోతుగా పడుతున్నాయి, జాంబోని (విరామాల్లో ఐస్ పైపొర చెక్కి, కొత్త నీళ్లు పోసే బండి) ఎత్తే మంచుపొడి బాగా ఎక్కువగా ఉంది. రింక్‌లో ఒక చివర, సామాను దించే లోడింగ్ డాక్ సొరంగం ఉన్న వైపు, అన్నిటికన్నా ఘోరం. పొద్దున ప్రాక్టీసులో ఈ గొడవలేవీ లేవు.

అదే ప్లాంట్, అదే నీళ్లు, అదే బ్రైన్. పొద్దుటికీ రాత్రికీ మధ్య మారేవి మనుషులు, లైట్లు, తలుపులు, గాలి. ఈ నాలుగిట్లో ఏదీ ఐస్ కింద లేదు, అన్నీ పైనే ఉన్నాయి. నా అనుమానం ఆ రోజే గాలి మీదికి వెళ్లింది. కానీ అనుమానం ఉందని బిల్డింగ్ గాలి మొత్తాన్ని మార్చమనలేం కదా, సీజన్ మొదలవడానికి టైమ్ లేదు, అందరికీ టెన్షన్. తేలిగ్గా తేల్చగలిగినవి ముందు తేల్చుకుంటూ వెళ్లాం.

పనిచేయనివి

నేను రాకముందే ఒక పని చేసేశారు. మెత్తగా ఉందన్నారు కాబట్టి బ్రైన్ టెంపరేచర్ ఇంకో రెండు డిగ్రీలు తగ్గించారు. ఎవరికైనా ముందు తట్టేది అదే, ఎందుకంటే కంట్రోల్ రూమ్‌లో ఐస్ పేరుతో ఉన్న సెట్టింగ్ అదొక్కటే. ఫలితంగా పొద్దున వేడి లోడ్ లేనప్పుడు ఐస్ మరీ చల్లబడి పెళుసెక్కింది, ముక్కలు లేచాయి. డిఫెన్స్ ఆటగాడి ఫిర్యాదు అక్కడిది. రాత్రి మాత్రం మూడో పీరియడ్ ఏమీ బాగుపడలేదు. హాకీ ఐస్ ఉపరితలం సుమారు 22 నుంచి 24 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మైనస్ ఐదు సెల్సియస్ అటూ ఇటూ ఉంటే బాగుంటుంది. కింద నుంచి ఎంత చల్లబరిచినా, పై నుంచి వచ్చే వేడి అంగుళం మందం ఐస్ గుండా కిందికి దిగాలి. వేడి దిగే వేగం కంటే వచ్చే వేగం ఎక్కువైతే పైపొర మెత్తబడుతుంది, అడుగు మాత్రం రాయిలా ఉంటుంది. పైగా ఉపరితలం చల్లబడేకొద్దీ గాలిలోని తేమను ఇంకా ఎక్కువ లాక్కుంటుంది.

తర్వాత మందం కొలిచాం. డ్రిల్‌తో వరసగా రంధ్రాలు వేసి చూస్తే, చెడ్డ చివరన ఐస్ మిగతా చోట్ల కంటే మందంగా ఉంది. మందం పెరిగితే వేడి దిగడం కష్టమవుతుంది కాబట్టి అది కూడా ఒక కారణమే. దీన్ని ముందు సరిచేద్దామన్నాను: ఖర్చు లేదు, ఒక రాత్రి పని, తప్పైతే మళ్లీ నీళ్లు పోసుకోవచ్చు. జాంబోని బ్లేడు కిందికి దించి చెక్కారు. ఆ చివర కొద్దిగా బాగుపడింది, కానీ మూడో పీరియడ్ కాగితాల మీద గుర్తులు మాత్రం తగ్గలేదు. అంటే మందం ఈ రోగానికి తోడైన కారణమే తప్ప అసలు కారణం కాదు. అసలు ఆ చివరే ఎందుకు మందంగా పెరిగింది అనే ప్రశ్న రాసి పెట్టుకున్నాను.

నీళ్లు పరీక్షించాం. కరిగిన లవణాలు ఎక్కువుంటే ఐస్ మెత్తగా, మసకగా వస్తుంది. ఇక్కడ ఆర్‌ఓ యూనిట్ సరిగ్గానే ఉంది.

ఇక డీహ్యూమిడిఫయర్లు, అంటే తేమ లాగే ఆ డెసికెంట్ యూనిట్లు. స్క్రీన్ మీద తేమ 40 శాతం, ఆకుపచ్చ రంగు, అలారం ఏమీ లేదు. సాధారణంగా హాకీ అరేనాల్లో కోరుకునేది కూడా ఆ చుట్టుపక్కల శాతమే. "తేమ బాగానే ఉంది, అది కాదు" అని అందరూ అక్కడితో వదిలేశారు. ఈ కేసులో అందరినీ దారి తప్పించింది ఈ ఒక్క అంకె, అందుకే దీని దగ్గర కాసేపు ఆగుతాను.

40 శాతం అంటే ఎంత?

తేమ శాతం గాలిలో నీళ్లు ఎంత ఉన్నాయో చెప్పదు. ఆ టెంపరేచర్‌లో గాలి మోయగలిగినదాంట్లో ఎన్నో వంతు ఉందో చెబుతుంది. 60 డిగ్రీల ఫారెన్‌హీట్ గాలిలో 40 శాతం తేమ అంటే డ్యూ పాయింట్ (గాలి ఎంతవరకు చల్లబడితే అందులోని తేమ నీళ్లుగా మారడం మొదలవుతుందో ఆ టెంపరేచర్) సుమారు 2 డిగ్రీల సెల్సియస్. అదే 40 శాతం 70 డిగ్రీల గాలిలో అయితే డ్యూ పాయింట్ సుమారు 7 డిగ్రీలు, నీటి ఆవిరి దాదాపు 40 శాతం ఎక్కువ. స్క్రీన్ మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి, ఐస్‌కు మాత్రం ఈ రెండూ ఒకటి కావు. ఆవిరి ఐస్ మీద పడి మంచుగా మారేటప్పుడు కిలోకు సుమారు 2,800 కిలోజూళ్ల వేడిని అక్కడే వదిలేస్తుంది, అదీ సరిగ్గా స్కేట్ తగిలే పైపొరలో.

మరి బిల్డింగ్ 70 డిగ్రీల దగ్గర ఎందుకుంది? జట్టు కొత్తది, ఊరికి హాకీ కొత్తది. జనం బాస్కెట్‌బాల్‌కు వచ్చినట్టే టీషర్టుల్లో వచ్చారు. చలేస్తోందని సీజన్ టికెట్ కొన్నవాళ్లు కస్టమర్ సర్వీస్‌కు వరసగా మెసేజ్‌లు పెట్టారు. మొదటి ఏడాది కస్టమర్‌ను బాధపెట్టడం ఎవరికిష్టం? టికెట్ల విభాగం అడిగింది, ఆపరేషన్స్ వాళ్లు హీటింగ్ పెంచారు. పెంచినవాళ్లకు ఐస్ సంగతి తెలియదు, ఐస్ చూసేవాళ్లకు హీటింగ్ పెంచినట్టు తెలియదు. హాకీ పాతుకుపోయిన ఊళ్లో జనం స్వెటర్ వేసుకునే వస్తారు, ఈ సమస్య అక్కడ పుట్టదు.

రెండో విషయం సెన్సర్ ఉన్న చోటు. అది పైకప్పు దగ్గర వెనక్కి వెళ్లే గాలి డక్ట్‌లో ఉంది. అక్కడి గాలి ఇంకా వేడిగా ఉంటుంది కాబట్టి శాతం ఇంకా తక్కువ చూపిస్తుంది. నేను డ్యూ పాయింట్ కొలిచి నమోదు చేసే చిన్న లాగర్లు తెచ్చి రింక్ చుట్టూ ఉండే గాజు పలకల లోపలివైపు, ఐస్‌కు కొద్ది ఎత్తులో కట్టించాను. మ్యాచ్ రోజు డ్యూ పాయింట్ గ్రాఫ్ గీత చూస్తే పొద్దున చదునుగా ఉంది. జనం వచ్చేవేళకి ఎక్కడం మొదలై మూడో పీరియడ్ దాకా దిగలేదు. కూర్చున్న మనిషి ఒకరు గంటకు సుమారు 50 గ్రాముల నీటిని ఊపిరిగా, చెమటగా గాలిలోకి వదులుతారు. 17 వేల మంది అంటే గంటకు 800 కిలోల పైమాటే. వేసవిలో ఖాళీ బిల్డింగ్‌లో చేసిన పరీక్ష ఇది చూపించదు, చూపించలేదు కూడా.

కానీ జనం లెక్క సరిపోలేదు. లోడింగ్ డాక్ వైపు లాగర్ జనం రాకముందే, గేట్లు తీయడానికి రెండు గంటల ముందే ఎక్కడం మొదలుపెట్టింది.

తలుపు దగ్గర

మిర్చి కోల్డ్ స్టోరేజీలో బస్తాలు దించేటప్పుడు తలుపు తీసి ఉంచితే, కాసేపటికే కాయిల్ మీద మంచు మందంగా కట్టేస్తుంది, హమాలీలను తొందర పెట్టడం తప్ప దానికి వేరే మందు లేదు. ఆ అలవాటుతోనే నేను డాక్ తలుపు దగ్గరికి వెళ్లి కింది సందు దగ్గర టిష్యూ కాగితం పట్టుకున్నాను. కాగితం లోపలికి బలంగా వంగింది. తలుపు మూసే ఉంది, అయినా బిల్డింగ్ బయటి గాలిని పీలుస్తోంది.

ఎందుకంటే గేట్లు తీయడానికి రెండు గంటల ముందు వంటగదులు మొదలవుతాయి. అన్ని ఫుడ్ కౌంటర్ల ఎగ్జాస్ట్ ఫ్యాన్లు, టాయిలెట్ల ఫ్యాన్లు ఒకేసారి నడుస్తూ గాలిని బయటికి తోస్తాయి. అంత గాలి ఎక్కడి నుంచైనా లోపలికి రావాలి. కరెంటు ఆదా కోసం బయటి గాలి తెచ్చే యూనిట్లను మ్యాచ్ మొదలయ్యే ముందు దాకా తక్కువలో ఉంచేలా ప్రోగ్రామ్ రాశారు. దాంతో లోపల పీడనం తగ్గి, సెప్టెంబరు తేమగాలి డీహ్యూమిడిఫయర్‌ను తాకకుండా డాక్ సందుల్లోంచి సొరంగం గుండా నేరుగా ఐస్ ఆ చివరకు చేరుతోంది. రోజూ అక్కడ మంచు పేరుకుంటోంది, దాన్ని సరిచేయాలని సిబ్బంది అక్కడ ఇంకాస్త నీళ్లు పోస్తున్నారు, మందం పెరుగుతోంది. రాసి పెట్టుకున్న ప్రశ్నకు జవాబు అది.

పనిచేసినవి

ఇంకా పెద్ద డీహ్యూమిడిఫయర్ కొందామని ఒక ప్రతిపాదన వచ్చింది. వద్దన్నాను. మొదటిది, అది రావడానికి నెలలు పడుతుంది. రెండోది, సందుల్లోంచి వచ్చే గాలి ఆ యూనిట్ గుండా వెళ్లదు, అది ఎంత పెద్దదైనా దానికి ఆ తేమ కనిపించదు. ముందు గాలి వచ్చే దారి మార్చాలి, ఆ తర్వాతే యంత్రం చాలుతుందో లేదో తెలుస్తుంది.

మొదట పీడనం. వంటగది ఫ్యాన్లు మొదలయ్యే సమయానికే బయటి గాలి యూనిట్లు కూడా మొదలయ్యేలా, ఆ గాలి డెసికెంట్ గుండానే వచ్చేలా ప్రోగ్రామ్ మార్చాం. డాక్ దగ్గర కాగితం బయటివైపు వంగేదాకా సర్దుకుంటూ వెళ్లాం. కరెంటు బిల్లు పెరుగుతుందని ఆపరేషన్స్ వాళ్లు అడిగారు, న్యాయమైన ప్రశ్నే. బ్రైన్ టెంపరేచర్ తిరిగి పాత చోటికి తెస్తే చిల్లర్ల మీద కొంత మిగులుతుందని, రెండూ కలిపి చూడమని చెప్పాను.

తర్వాత కంట్రోల్‌ను తేమ శాతం నుంచి డ్యూ పాయింట్‌కు మార్చాం, అదీ ఐస్ పక్కనున్న సెన్సర్ల మీద. మ్యాచ్ రోజు తెల్లవారుజాము నుంచే బిల్డింగ్‌ను ఆరబెట్టడం మొదలుపెట్టాం. జనం వదిలే తేమను అప్పటికప్పుడు లాగేయడానికి ఏ యంత్రమూ చాలదు, కాబట్టి వాళ్లు వచ్చేసరికి గాలి, కుర్చీలు, కాంక్రీటు బాగా పొడిగా ఉంటే మూడో పీరియడ్ దాకా సరిపడా వెసులుబాటు ఉంటుందన్నది ఆలోచన.

టెంపరేచర్ విషయంలోనే కష్టపడ్డాం. 60కి దించమంటే టికెట్ల విభాగం ఒప్పుకోలేదు. వాళ్లతో వాదించే బదులు డ్యూ పాయింట్ గీత, ఆటగాళ్ల కాగితాలు పక్కపక్కన పెట్టి చూపించాను. చివరికి 60లలో మధ్యన ఆగాం, టికెట్ కొన్నవాళ్లందరికీ "జాకెట్ తెచ్చుకోండి" అని మ్యాచ్‌కు ముందు మెసేజ్ పంపడం మొదలుపెట్టారు. డ్యూ పాయింట్ పట్టులో ఉంటే ఈ నాలుగైదు డిగ్రీల తేడాను ఐస్ తట్టుకుంటుందని నేనూ ఒప్పుకున్నాను.

చివరిది జాంబోని. రెండో విరామంలో పోసే నీళ్లు తగ్గించమన్నాను. వేడినీళ్లు పోస్తారు, స్కేట్ గీతల్లోకి దిగి బాగా అతుక్కుంటాయని. కానీ ఆ నీళ్లన్నీ విరామం అయ్యేలోపు గడ్డకట్టాలి. రాత్రయ్యేకొద్దీ లోడ్ ఎక్కువ కాబట్టి మొదటి విరామంలో పోసినంత రెండోదాంట్లో పోస్తే తడి మీదే ఆట మొదలవుతుంది. డ్రైవర్ బాగా అనుభవం ఉన్న మనిషి, "ఇది నాకు ముందే అనుమానంగా ఉంది, ఎవరూ అడగలేదు" అన్నాడు. ఆయన్ని మొదటి రోజే మీటింగ్‌లో కూర్చోబెట్టి ఉండాల్సింది బిల్డింగ్ వాళ్లు.

ఒక్కో మార్పుకూ మధ్య కనీసం ఒక మ్యాచ్ వదలమని పట్టుబట్టాను, లేకపోతే దేనివల్ల ఏం బాగుపడిందో ఎప్పటికీ తెలియదు. పీడనం సరిచేయగానే చెడ్డ చివర మిగతా రింక్‌తో సమానమైంది. డ్యూ పాయింట్ కంట్రోల్, ముందస్తు ఆరబెట్టడం వచ్చాక మూడో పీరియడ్ గుర్తులు బాగా తగ్గాయి. నీళ్లు తగ్గించడం వల్ల వచ్చిన మేలు చిన్నదే, కానీ ఖర్చు లేనిది.

నేర్చుకున్నవి, మిగిలిపోయినవి

కొత్త జట్టు రింక్ పని మళ్లీ వస్తే, ఐస్ వేసే రోజునే ఐస్ పక్కన డ్యూ పాయింట్ లాగర్లు కట్టిస్తాను, ఫిర్యాదులు వచ్చేదాకా ఆగను. పోల్చుకోవడానికి పాత సీజన్ లేదు కాబట్టి మొదటి రోజు నుంచి రాసుకున్న అంకెలే ఆ జట్టుకు పాత సీజన్ అవుతాయి. ఖాళీ బిల్డింగ్‌లో చేసిన పరీక్షను పరీక్షగా ఒప్పుకోను, కనీసం వంటగది ఫ్యాన్లన్నీ నడిపించి, డాక్ తలుపులు మ్యాచ్ రోజు తీసినట్టే తీస్తూ మూస్తూ చూడాలి. హీటింగ్ సెట్టింగ్ ఎవరు మార్చినా ఐస్ మేనేజర్‌కు మెసేజ్ వెళ్లాలి. ఆటగాళ్ల కాగితం సీజన్ పొడుగునా కొనసాగాలి, ఎందుకంటే అందరి అభిప్రాయం ఒకటయ్యేసరికి ఏడాది పడుతుంది.

ఒకటి మాత్రం ఇంకా తేలలేదు. ముందు రాత్రి కచేరీ ఉండి, మర్నాడు మధ్యాహ్నమే మ్యాచ్ పెడితే ఐస్ మీద పక్ ఇప్పటికీ నెమ్మదిగానే జారుతోంది. కచేరీకి ఐస్ మీద ఇన్సులేషన్ పలకలు పరుస్తారు, వాటి మీద వేలమంది నిలబడతారు. తెల్లవారుజామున పలకలు తీశాక బిల్డింగ్‌ను ఆరబెట్టడానికి చాలినంత టైమ్ ఉండదు. పలకల అతుకుల్లో తేమ దిగుతోందా, లేక టైమ్ చాలకపోవడమే కారణమా అని విడదీయడానికి పలకల కింద రెండు చోట్ల లాగర్లు పెట్టాం. ఈలోగా కచేరీ మర్నాటి మధ్యాహ్నం మ్యాచ్‌లను రాత్రికి మార్చమని వచ్చే షెడ్యూల్ కోసం లీగును అడగమని జట్టుకు రాసిచ్చాను, డ్యూ పాయింట్ గీతలన్నీ జతచేసి.